జమాఖర్చుల వెలుగులో మహాకవి గురజాడ

ఆంధ్రదేశంలో గురజాడ వేంకట అప్పారావు గారి పేరు వినని విద్యార్థి ఉండడు. దేశభక్తి గేయకర్తగా, ముత్యాలసరముల కవిగా, కన్యాశుల్క నాటకకర్తగా, గిడుగు రామమూర్తి పంతులు గారితో కలిసి వాడుకభాష కొరకు పోరాడిన ధీశాలిగా ఆయన మనకు సుపరిచితులు. మన పాఠ్యగ్రంథాలు, సాహిత్యసభలు ఆయన జీవితాన్ని ఈ కోణాల నుంచి చక్కగా వివరిస్తూనే ఉన్నాయి. అయితే ఆ జీవితంలో మరొక పార్శ్వం ఉన్నది. ఒక ఇంటిలోకి ధనం ఏ దారిని వస్తుంది, ఏ దారిని పోతుంది, ఆ రాకపోకలలో ఆ ఇంటి ఆడపిల్ల బ్రతుకు ఏమవుతుంది అన్న ప్రశ్నను తెలుగు సాహిత్యంలో అంత సూటిగా వేసినవారు ఆయనకు ముందు లేరనే చెప్పాలి. ఈ వ్యాసంలో మేము ఆ మహనీయుని జీవితకథను ఆ ప్రశ్న వెంట నడిచి చెప్పదలచుకున్నాము. నేడో రేపో సంసారభారం వహించవలసిన విద్యార్థినీ విద్యార్థులకు ఇది ఉపకరిస్తుందని మా నమ్మకం.

అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న నాటి విశాఖపట్నం జిల్లా యలమంచిలి తాలూకా రాయవరంలో జన్మించారు. ఆ గ్రామం నేడు అనకాపల్లి జిల్లాలో ఉన్నది. తండ్రి వేంకట రామదాసు గారు, తల్లి కౌసల్యమ్మ గారు. తండ్రి ఉద్యోగరీత్యా చీపురుపల్లిలో నివసించడం వలన బాలుని తొలి చదువు అక్కడ సాగింది. చీపురుపల్లి ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనిది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. కాబట్టి ఈ రెండు జిల్లాలవారూ అప్పారావు గారిని తమవారని చెప్పుకొనడం న్యాయమే.

తండ్రి గతించగా అప్పారావు గారు విజయనగరం చేరారు. సంపాదించే మనిషి పోయిన ఇంటిలో పిల్లల చదువు ఎంత సులభంగా ఆగిపోతుందో మనకందరికీ తెలిసినదే. ఆ ప్రమాదం ఆయన చదువుకు తప్పిందంటే అందుకు మహారాజా కళాశాల అధ్యక్షులు చంద్రశేఖర శాస్త్రి గారి ఔదార్యం ముఖ్యకారణం. ఆయన ఈ బాలునికి నీడను, భోజనాన్ని ఉచితంగా సమకూర్చి చదివించారు. 1882లో మెట్రిక్యులేషన్, 1886లో బి.ఏ. పూర్తి అయ్యాయి. ఒక గురువు పెట్టిన అన్నం ఒక మహాకవిని తెలుగుజాతికి దక్కించింది. ఆ శాస్త్రిగారి ఖాతాలో అది ఖర్చుగానే వ్రాయబడి ఉండవచ్చును. జాతి ఖాతాలో మాత్రం అంతకు మించిన జమ మరొకటి కానరాదు. పేద విద్యార్థికి భోజన వసతులు కల్పించే సంస్థలు, వాటి పాలకవర్గాలు ఈ ఒక్క ఉదాహరణను ఎల్లప్పుడూ జ్ఞాపకం ఉంచుకొనదగును.

చదువు పూర్తికాక ముందే, 1884లో, అప్పారావు గారు మహారాజా ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరారు. జీతం నెలకు 25 రూపాయలు. మరుసటి సంవత్సరం అప్పల నరసమ్మ గారితో వివాహం జరిగింది. కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కార్యాలయంలో హెడ్ గుమస్తాగా పనిచేసి, పిదప కళాశాలలో అధ్యాపకులైనారు. అప్పుడు జీతం 100 రూపాయలైనది. ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు గల సంసారాన్ని ఆయన నడిపినది ఈ నెలజీతపు రాబడి మీదనే.

నెలజీతపు సంసారం ఆ రోజులలో ఈ ప్రాంతానికి కొంత క్రొత్తది. అంతకు ముందు కుటుంబాలు పంట మీద, మాన్యాల మీద, సంభావనల మీద, జమీందారుల దయ మీద జీవించేవి. పంట రాబడి ఏడాదికి ఒకటి రెండు మారులు కుప్పగా వస్తుంది. సంభావన ఎప్పుడు వస్తుందో తెలియదు. జీతం అట్లా కాదు. ముప్పది దినాలకు ఒకసారి, తెలిసిన మొత్తం, తెలిసిన రోజున చేతిలో పడుతుంది. ఇంటి ఖర్చును ముందుగా ఊహించి, ఇంత బియ్యానికి, ఇంత బట్టకు, ఇంత పిల్లల చదువుకు అని పంచుకొనే అవకాశం దాని వలన కలిగింది. అప్పారావు గారు మెట్రిక్యులేషన్ పూర్తిచేసిన 1882వ సంవత్సరంలోనే మన దేశమంతటా తపాలా కార్యాలయాలలో పొదుపు ఖాతాలు ప్రారంభమైనాయి. సామాన్యుడు తన చిన్న మొత్తాన్ని గోడలోనో, ఉట్టిమీద కుండలోనో దాచుకొనే అవసరం లేకుండా, తన పేరిట ఒక పుస్తకం సంపాదించుకొనే వీలు ఆనాడు కలిగింది. ఈ విధంగా ఆయన తరం క్రొత్త రాబడిని, క్రొత్త దాపును ఒకేసారి చూచింది. పాత ఆశలు మాత్రం అంత త్వరగా మారలేదు. పొలంతో పాటు పిల్లనూ ఆస్తిగా లెక్కించే బుద్ధి అనేక కుటుంబాలలో నిలిచే ఉన్నది.

ఆ బుద్ధికి పేరు కన్యాశుల్కం. ఆడపిల్లను ఇచ్చే తండ్రి వరుని వద్ద ధనం తీసుకొనడం దాని స్వరూపం. ధనం ఇవ్వగలవాడు తరచుగా ఏండ్లు గడిచినవాడు. అతనికి కావలసినది పసిపిల్ల. ఫలితం బాల్యవైధవ్యం. విజయనగర ప్రభువు ఆనంద గజపతి మహారాజు గారు ఈ దురాచారాన్ని ఎరిగి, మాటలతో కాక లెక్కలతో దానిని పట్టుకొనడానికి ప్రయత్నించారు. మన్యం ఏజెన్సీని మినహాయించి విశాఖపట్నం జిల్లాలో మూడు సంవత్సరాల కాలంలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాల పట్టిక ఒకటి తయారు చేయించారు. ఈ వివరాలను అప్పారావు గారే తమ నాటకపు తొలి ముద్రణ పీఠికలో పొందుపరచారు.

ఆ పట్టికలోని అంకెలు నేటికీ గుండెను పిండుతాయి. మొత్తం 1034 వివాహాలు. అనగా ఏడాదికి సుమారు 344. వధువులలో ఐదేండ్ల వయస్సు వారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఒక ఏడాది వయస్సు వారు ముగ్గురు. కూడితే 188 మంది పిల్లలు ఐదేండ్లు దాటకముందే బేరమైపోయినారు. నూటికి పద్దెనిమిది మంది అన్నమాట. గర్భంలో ఉన్న శిశువులకు సైతం బేరాలు కుదిరేవని ఆయన వ్రాశారు. శుల్కం తీసుకొన్నామని ఒప్పుకొనడానికి జనం వెనుకాడుతారు కనుక ఈ పట్టిక సమగ్రం కాదని కూడా ఆయన గుర్తుచేశారు. దీనిని చట్టం ద్వారా ఆపాలని మద్రాసు శాసన మండలిలో మహారాజు గారు చేసిన యత్నం ఫలించలేదు. చట్టం చేయలేని పనికి నాటకం పూనుకొన్నది. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ప్రదర్శింపబడింది. 1897లో గ్రంథంగా వెలువడింది. ఎంతో పెంచి, మార్చి వ్రాసిన రెండవ కూర్పు 1909లో వచ్చింది.

ఆ నాటకాన్ని నవ్వులకోసం చదివేవారు ఎందరో ఉన్నారు. దానిని ఇంటింటి జమాఖర్చుల చిట్టాగా చదివితే మరొక రుచి కనబడుతుంది.

కృష్ణరాయపురం అగ్రహారీకుడు అగ్నిహోత్రావధానులు గారి ఇంటిని మొదట చూద్దాము. పెద్దకుమార్తె బుచ్చమ్మను ధనం తీసుకొని ముసలివానికి కట్టబెట్టాడు. ఆమె విధవయై పుట్టింటికి చేరింది. అంతటితో బుద్ధి రాలేదు. రెండవ కుమార్తె సుబ్బిని లుబ్ధావధానులు అనే వృద్ధునికి 1800 రూపాయలకు ఇవ్వడానికి నిశ్చయించాడు. కుమారుని ఇంగ్లీషు చదువు ఖర్చు మాత్రం ఆయనకు కంటకంగా తోస్తుంది. వ్యాజ్యాలంటే ఆయనకు మహా మోజు. కాగితాల కట్ట, వకీళ్ల ఊసు, కోర్టుల ప్రయాణం లేకపోతే ఆయనకు పొద్దు గడవదు. ఒక చేతితో పిల్లను అమ్మిన సొమ్ము తెచ్చుకొని, మరొక చేతితో దావాలలో పోసే గృహస్థు ఇతడు. అతని భార్య వెంకమ్మ ఈ సంబంధం వినలేక నూతిలో దూకింది. ఆ ఇంటి లెక్కలో ఆమె మాటకు చోటు లేకపోవడమే అందుకు మూలం.

ఈ 1800 రూపాయల విలువ నేటి విద్యార్థికి తెలియాలంటే చిన్న లెక్క ఒకటి వేయవలెను. 25 రూపాయల జీతంతో ఉద్యోగం ప్రారంభించిన ఉపాధ్యాయుడు ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా కూడబెట్టినా ఆ మొత్తం చేరడానికి 72 నెలలు, అంటే ఆరు సంవత్సరాలు, పడుతుంది. ఆరేండ్ల శ్రమకు సమానమైన ధనం ఒక్క ముహూర్తంలో చేతికి వస్తున్నదంటే బలహీనుడైన తండ్రి మనస్సు చలించడంలో ఆశ్చర్యమేమున్నది? అప్పారావు గారి గొప్పతనం ఇక్కడనే ఉన్నది. ఆయన ఆ తండ్రిని రాక్షసునిగా చిత్రించలేదు. సొమ్ము రుచి మరిగి కండ్లు మూసుకొన్న సామాన్య గృహస్థునిగా చూపించారు. అందువల్లనే అతడు మనకు ఎక్కడో కాక మన వీథిలోనే కనబడుతాడు.

రామచంద్రపురం అగ్రహారంలోని లుబ్ధావధానులు రెండవ గృహస్థు. పేరుకు తగినట్లు పరమలోభి. జీవితమంతా తినక, పెట్టక కూడబెట్టాడు. అట్టివాడు ముసలితనంలో పెండ్లి కోరిక పుట్టి, ఎవరో తెలియని గుంటూరు సంబంధం చౌకగా దొరికిందని సంబరపడి, పిల్ల వేషంలో ఉన్న మగపిల్లవానిని కొనుక్కొన్నాడు. ఆ పెండ్లికూతురు మాయమైన పిదప హత్యానేరం నెత్తిన పడింది. మంత్రగాడు, దళారి, పోలీసు, వకీలు, తలకొక చెయ్యి వేసి అతని మూటను విప్పారు. ఒక ప్రయోజనం నిర్ణయించుకొని దాచడం పొదుపు. ప్రయోజనమే లేకుండా దాచడం లోభం. ఈ భేదం తెలియనివాని సొమ్ము చివరకు పరుల పాలవుతుందని లుబ్ధావధానుల కథ చాటుతున్నది.

మూడవవాడు గిరీశం. అతనికి ఇల్లు లేదు, రాబడి లేదు, వాగ్ధాటి మాత్రం ఉన్నది. సంతలో సామాను కొనితెస్తానని పూటకూళ్లమ్మ వద్ద 20 రూపాయలు పుచ్చుకొని విలాసానికి తగలేశాడు. ఫోటో తీసినవానికి బాకీ. ఊరంతా బాకీ. నాటకం తెర లేచేసరికే అతడు అప్పులవాళ్ల కంట బడకుండా విజయనగరం విడిచిపోయే యత్నంలో ఉంటాడు. నష్టపోయినది ఎవరు? పొద్దస్తమానం పొయ్యి ముందు కూర్చుండి నాలుగు డబ్బులు వెనుక వేసుకొన్న ఒక విధవరాలు. తియ్యని మాటలు నమ్మి, పత్రం లేకుండా, సాక్షి లేకుండా ఇచ్చిన సొమ్ము తిరిగిరాదని ఆమెకు ఆలస్యంగా తెలిసింది.

ఇక రామప్పంతులు. తన గొప్ప నిలుపుకొనడానికి మధురవాణి కంటెను పెండ్లికూతురి మెడలో పెట్టడానికి ఎరువు తెచ్చాడు. పెండ్లికూతురితో పాటు కంటె కూడా మాయమైంది. కంటె తెచ్చి ఇస్తేగాని గుమ్మం త్రొక్కనివ్వనని మధురవాణి పట్టుబట్టింది. ఎరువు సొమ్ము బరువు చేటు అని మన పెద్దలు ఊరకనే అనలేదు. ఒక్క పూట శోభ కొరకు తెచ్చిన నగ ఎన్ని రోజుల నిద్ర చెరుస్తుందో ఆ కంటె కథ చెబుతుంది. ఈ నాటకం మొత్తంలో తన వస్తువు లెక్క తాను ఎరిగినది, ఇచ్చినదానిని నిలదీసి అడిగినది మధురవాణి ఒక్కతె. సంఘం నీచంగా చూచిన స్త్రీకి ఆ తెలివిని, ఆపైన ఒక పసిపిల్లను కాపాడే దయను కూడా కవి ప్రసాదించారు.

నాటకంలో హాస్యంగా నడిచిన విషయమే ఆయన కవితలో కన్నీరుగా మారింది. పుత్తడిబొమ్మ పూర్ణమ్మ కథ మనకందరికీ తెలిసినదే. ధనానికి ఆశపడిన తండ్రి పిల్లను ముసలివానికి ఇచ్చాడు. అత్తవారింటికి వెళ్లవలసిన రోజున ఆమె అందరివద్ద సెలవు తీసుకొని, దుర్గ కొలను చేరి, తిరిగి రాలేదు. పుత్తడి అన్న విశేషణంలోనే ఆమె విధి దాగి ఉన్నది. అల్లారుముద్దుగా పుత్తడిబొమ్మ అని పిలుచుకొన్న ఇంటివారే ఆమెను పుత్తడివలె తూచి ఇచ్చారు. 1910లో వచ్చిన దిద్దుబాటు కథలో మరొక చిత్రం కలదు. ఇల్లు మరచి వేశ్యల పాటకచేరీలలో రాత్రులు గడిపే భర్తను, చదువు నేర్చిన భార్య కమలిని ఒక్క ఉత్తరంతో దారికి తెస్తుంది. పూర్ణమ్మకు నోరు లేదు. కమలినికి అక్షరం ఉన్నది. ఒక ఇంటి బాగోగులలో స్త్రీ విద్య ఎంత పని చేయగలదో ఈ రెండు రచనలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే స్పష్టమవుతుంది.

అప్పారావు గారి ఉద్యోగజీవితం ఆయనకు ధనం యొక్క మరొక ముఖాన్ని కూడా చూపించింది. విజయనగర సంస్థానం ఎంత పెద్దదైనా అప్పుల బాధ ఎరుగనిది కాదు. ఆయన పుట్టకముందు, నారాయణ గజపతి గారి కాలంలో, ఆ సంస్థానం ఋణభారం వలన కొన్నేండ్లు కంపెనీ ప్రభుత్వ నిర్వహణలో ఉండవలసి వచ్చింది. 1897లో ఆనంద గజపతి గారు సంతానం లేకుండా స్వర్గస్థులైన పిదప వారసత్వపు తగాదాలు న్యాయస్థానాలకు ఎక్కాయి. మహారాజు గారి సోదరి, రీవా మహారాణి అప్పలకొండమాంబ గారికి అప్పారావు గారు ఆంతరంగిక కార్యదర్శి అయ్యారు. దస్తావేజులు, వకీళ్ల సంప్రదింపులు, లెక్కలు ఆయన నిత్యకృత్యమైనాయి. లక్షల ఆస్తి గలవారింట కూడా వ్రాతలు స్పష్టంగా లేకపోతే, వారసత్వం ముందుగా నిర్ణయం కాకపోతే, ఎన్ని సంవత్సరాలు మనశ్శాంతి పోతుందో ఆయన కండ్లారా చూచారు. రెండవ కూర్పు కన్యాశుల్కంలో కోర్టు వ్యవహారం అంత విస్తారంగా, అంత సహజంగా ఉండడానికి ఈ అనుభవం తోడ్పడి ఉండునని మా ఊహ.

ఆయన దినచర్యలు వ్రాసుకొనే అలవాటు గలవారు. ఆ పుస్తకాలు, ఉత్తరాలు ఆయన తరువాత ముద్రణకు నోచుకొని పరిశోధకులకు పెన్నిధి అయినాయి. తన దినాలకు తాను లెక్క చెప్పుకొనే మనిషికి సంఘాన్ని లెక్క అడిగే అధికారం ఉంటుంది. 1913లో ఆయన ఉద్యోగ విరమణ చేశారు. మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనను ఫెలోగా గౌరవించింది. ఆరోగ్యం మాత్రం సహకరించలేదు. 1915 నవంబరు 30న, 53 ఏండ్ల వయస్సులో, విజయనగరంలో కన్నుమూశారు. ఆయన నివసించిన ఇల్లు నేడు స్మారక భవనంగా ఉన్నది. సంస్థానాధీశుల సన్నిధిలో ఇన్నేండ్లు గడిపిన ఆ మనిషి సంతతికే కాక జాతికంతకూ విడిచిపోయిన ఆస్తి కొన్ని పుస్తకాలు.

ఇప్పుడు మన కాలానికి వద్దాము. కన్యాశుల్కం పోయింది. 1929లో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలకు మొదటి అడ్డుకట్ట వేసింది. కాని త్రాసు మరొక వైపు వాలింది. కన్యకు వెల కట్టిన సంఘమే వరునికి వెల కట్టడం మొదలుపెట్టింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా ఆ వ్యాధి తగ్గక, పూర్వం లేని కులాలకు, మతాలకు కూడా ప్రాకింది. నాడు తండ్రి పిల్లను అమ్మి సొమ్ము తెచ్చుకొన్నాడు; నేడు తండ్రి పొలం అమ్మి పిల్లను పంపుతున్నాడు. రెండు లెక్కలలోనూ నష్టపడేది ఆడపిల్లయే.

ఈ విషయంలో మా ముస్లిం సమాజం తన్ను తాను పరిశీలించుకొనవలసి ఉన్నది. మా షరీయతు ప్రకారం వివాహంలో ధనం ఇవ్వవలసినవాడు వరుడు. అది మహర్. కన్యాశుల్కం వలె అది తండ్రి సంచిలోకి పోయేది కాదు. వధువు సొంత హక్కు. ఆమె అనుమతి లేనిదే భర్త గాని, తండ్రి గాని దానిని తాకరాదు. ఇంత చక్కని ఏర్పాటు గల సమాజంలో మహర్‌ను నికాహ్‌నామాలో ఒక అంకెగా మిగిల్చి, జహేజ్ పేరిట, జోడా పేరిట వధువు తండ్రిని పీడించడం ఎంతటి విపరీతం! అప్పు ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు గడువు పెట్టి, సాక్షులను ఉంచి, పత్రం వ్రాసుకొమ్మని పవిత్ర ఖురాన్ ఆదేశించింది. జకాత్ ఇవ్వవలసినవాడు ఏడాదికొకసారి తన సొమ్మంతా లెక్కించి అందులో నలుబదవ వంతు పేదలకు తీయాలి. లెక్క వ్రాయనివాడు జకాత్ ఎట్లా తీయగలడు? ఇంటి లెక్క వ్రాయడం ధర్మంలో భాగమేనని దీని తాత్పర్యం.

మా ప్రాంతపు కుటుంబాల కష్టం మాకు తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పని వెదుక్కొంటూ దూరప్రాంతాలకు వలసపోయే కుటుంబాలు వేలాదిగా ఉన్నాయి. అక్కడ చెమటోడ్చి పంపిన సొమ్ము ఇక్కడ ఒక పెండ్లి పందిరి క్రింద రెండు రోజులలో కరగిపోవడం మనం చూస్తూనే ఉన్నాము. ఒక చిన్న లెక్క చూడండి. పెండ్లి కొరకు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు అప్పు తెచ్చిన గృహస్థుకు నెలకు 2,000, ఏడాదికి 24,000 రూపాయల వడ్డీ పడుతుంది. అసలు ఒక్క రూపాయి తీరకుండా వడ్డీ మాత్రమే కట్టుకొంటూ పోతే 50 నెలలలో మరొక లక్ష పోతుంది. అప్పటికి పెండ్లికూతురి బిడ్డ బడికి వెళ్లే వయస్సుకు వస్తాడు. ఆ రెండు పూటల విందు జ్ఞాపకం ఎవరికీ ఉండదు. బాకీ మాత్రం బాకీగానే ఉంటుంది.

మరి గృహస్థు చేయదగినది ఏమిటి? అప్పారావు గారు ఆర్థికశాస్త్ర గ్రంథం వ్రాయలేదు. అయినా ఆయన చూపిన ఇండ్లు ఎక్కడ కూలినాయో గమనిస్తే మన ఇంటిని ఎక్కడ నిలబెట్టుకొనవలెనో తెలుస్తుంది. అగ్నిహోత్రావధానుల ఇంట భార్యకు లెక్క తెలియదు, తెలిసినా మాట చెల్లదు. కనుక మన ఇంట ఆలుమగలు ఇద్దరూ రాబడి, ఖర్చు, అప్పు ఎరిగి ఉండాలి. ఒక నోటు పుస్తకంలో ఏ రోజు ఖర్చు ఆ రోజు వ్రాసి, నెలాఖరున కూడి చూచుకొనే అలవాటు దానికి తొలి మెట్టు. లుబ్ధావధానులకు దాచడమే తెలుసు, ఎందుకో తెలియదు. కనుక జీతం గాని, పంట సొమ్ము గాని చేతికి వచ్చిన రోజుననే, ఖర్చులు మొదలు కాకముందే, చదువుకు ఇంత, జబ్బుకు ఇంత, ముసలితనానికి ఇంత అని పేరు పెట్టి తీసి ఉంచాలి. మిగిలినది దాచుదామనుకొంటే ఏ నెలా ఏమీ మిగలదు. పూటకూళ్లమ్మ నోటిమాటకు మోసపోయింది. కనుక అయినవారికైనా, కానివారికైనా ఇచ్చినది, పుచ్చుకొన్నది వ్రాతలో ఉండాలి. రామప్పంతులు ఎరువు నగతో గొప్పపడబోయి అభాసుపాలైనాడు. కనుక మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలి. వ్యాజ్యమో, వారసత్వమో వచ్చినప్పుడు వెదుక్కొనే అవసరం లేకుండా దస్తావేజులు ఒకచోట భద్రంగా ఉండాలి. అవి ఎక్కడ ఉన్నవో ఇంటిలో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆడపిల్ల పేరిట లెక్క. ఆనంద గజపతి మహారాజు గారి పట్టికలో ఐదేండ్లలోపు పిల్లలు అంకెలుగా ఎక్కారు. వారి వెల మరొకరి చేతిలో పడింది. నేడు పదేండ్లలోపు ఆడపిల్ల పేరిట తపాలా కార్యాలయంలో తల్లిదండ్రులు ఖాతా తెరువవచ్చును. 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి పథకంలో ఏడాదికి 250 రూపాయలు కట్టినా ఖాతా నిలుస్తుంది. వడ్డీ విషయంలో మతపరమైన సంకోచం గలవారు అదే సొమ్మును ఆమె పేరిట బంగారంగానో, భూమిగానో ఏర్పరచవచ్చును. మన రాష్ట్రంలో 1985 నుంచి హిందూ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు లభించింది. ముస్లిం స్త్రీకి వారసత్వపు వాటా మా ధర్మశాస్త్రం ఏనాడో నిర్ణయించింది. ఈ హక్కులు కాగితం మీద ఉండి, పిల్ల చేతికి కట్నం పేరిట నాలుగు పాత్రలు మాత్రమే అందితే ఆ కాగితం వలన ప్రయోజనమేమి? మన పల్లెలలో పొదుపు సంఘాల స్త్రీలు రోజుకొక రూపాయితో ప్రారంభించి తమ పేరిట పుస్తకాలు సంపాదించుకొన్నారు. వెంకమ్మకు, బుచ్చమ్మకు దక్కనిది వారికి దక్కింది.

విద్యార్థులారా! మీలో కొందరు త్వరలోనే తొలి జీతం అందుకొంటారు. ఆ రోజున ఇంటికి వెళ్లి మీ తల్లిదండ్రులతో కూర్చుండి ఇంటి అప్పు ఎంత, ఎవరికి, ఏ వడ్డీకి అని అడిగి ఒక కాగితం మీద వ్రాయండి. చెల్లెలి చదువుకు ఎంత కావలెనో దాని క్రింద వ్రాయండి. వివాహ సమయం వచ్చినప్పుడు మీ వెల ఎంత అని మీ పెద్దలు మాట్లాడుకొంటున్నారేమో గమనించండి. సుబ్బికి 1800 రూపాయల వెల కట్టిన తండ్రిని చూచి నూరు సంవత్సరాలకు పైగా మనం నవ్వుతున్నాము. నెలకు 25 రూపాయల జీతంతో సంసారం ఆరంభించిన ఒక ఉపాధ్యాయుడు ఆ నవ్వును మనకు నేర్పాడు. మన పేరిట కూడా ఒక వెల చీటీ వ్రాయబడకుండా చూచుకొన్న నాడే ఆ నవ్వుకు మనం అర్హులమవుతాము.